దేవుడు క్షమించేశాడని సాక్ష్యం చెప్పాడు, నా దగ్గరికి మాత్రం రాలేదు. దీన్ని మారుమనస్సు అనొచ్చా?

ఎదురుచూపు (ప్రశ్న)

అందరికీ వందనాలు. అడగాలా వద్దా అని చాలాకాలం ఆగాను. ఇక లోపల పెట్టుకోలేక రాస్తున్నాను, కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా సంఘానికే వచ్చే ఒకతను, నేను కలిసి చిన్న వ్యాపారం పెట్టుకున్నాం. నా వాటా డబ్బు నాకు తెలియకుండా సొంతానికి వాడుకున్నాడు. లెక్కల్లో తేడా వస్తోందని నేను అడగడం మొదలుపెట్టేసరికి, డబ్బు తీసింది నేనేనని మా ఇద్దరికీ తెలిసినవాళ్లందరికీ చెప్పాడు. వ్యాపారం పోయింది, డబ్బు పోయింది, వాటికంటే ఎక్కువగా నా పేరు పోయింది. ఇప్పటికీ కొందరు నన్ను చూడగానే మాట మార్చేస్తారు.

ఈమధ్య అతను ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. డబ్బు విషయంలో చాలా పాపం చేశానని, ఒక రాత్రి మోకాళ్ల మీద ఏడ్చి ప్రభువు దగ్గర ఒప్పుకున్నానని, ఆయన క్షమించాడని, ఇప్పుడు మనసుకి పూర్తి సమాధానం ఉందని అన్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు. నేను అక్కడే, వెనక వరుసలో కూర్చుని ఉన్నాను. ఎవరికి అన్యాయం చేశాడో చెప్పలేదు, ఆరాధన అయ్యాక నా వైపు రానూ లేదు. మా ఇద్దరికీ తెలిసిన ఒకాయన ద్వారా అడిగిస్తే, "దావీదు కూడా నీకు కేవలము నీకే విరోధముగా పాపము చేసియున్నాను అన్నాడు కదా, నా లెక్క దేవుడితో తేలిపోయింది" అన్నాడట.

దేవుడు నిజంగానే అతన్ని క్షమించేస్తే ఇక నేను అడగడానికి ఏమీ మిగలదా? ఇంకోటి, అతను నన్ను అడగకుండానే నేను క్షమించాలా? ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోతోంది. అతను సంతోషంగా పాటలు పాడుతున్నాడు, ప్రార్థన చేయలేకపోతున్నది నేను.

లేఖన విద్యార్థి

బ్రదర్, ముందు ఆ దావీదు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే 51వ కీర్తనలోని ఆ ఒక్క వాక్యాన్ని ఇలా వాడుకోవడం నేను ఇంతకుముందు కూడా విన్నాను, ప్రతిసారీ బాధేస్తుంది.

దావీదు రాజు ఆ ప్రార్థన చేసేనాటికి, అతను ఎవరి భార్యను తీసుకున్నాడో ఆ ఊరియా బతికి లేడు. వెళ్లి క్షమాపణ అడగడానికి మనిషే లేడు, ఎందుకంటే చంపించింది తనే. రెండో సమూయేలు 12వ అధ్యాయం మొత్తం చదవండి. నాతాను ప్రవక్త వచ్చి, ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెప్తే, అది తన కథేనని తెలియక ముందే దావీదు నోటి నుంచి వచ్చిన తీర్పు ఏమిటి? ఆ గొర్రెపిల్లకు ప్రతిగా నాలుగింతలు ఇవ్వాలి అని. నిర్గమకాండము 22లో గొర్రెను దొంగిలించినవాడికి ఉన్న నియమం అదే. అంటే దేవుడికి ఒప్పుకుంటే చాలు, గొర్రెపిల్ల పోగొట్టుకున్నవాడి సంగతి ఎందుకు అన్న ఆలోచన దావీదుకే లేదు. యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు అని నాతాను చెప్పిన తర్వాత కూడా ఆ పాపం తెచ్చిన ఫలితాలు దావీదు ఇంటిని వదల్లేదు.

ధర్మశాస్త్రం ఈ విషయంలో చాలా సూటిగా ఉంటుంది. సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో, ఒకరికి నష్టం చేసినవాడు తన పాపాన్ని ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా తిరిగి ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఎవరికి ఇవ్వాలి? నష్టపోయినవాడికే. అతను లేకపోతే అతని దగ్గరి బంధువుకి, అతనూ లేకపోతే అప్పుడు యాజకుడికి. మనిషిని దాటేసి నేరుగా మందిరానికి వెళ్లే దారి అక్కడ లేదు. లేవీయకాండము 6లో అయితే అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే సొమ్ము దాని యజమానికి ఇచ్చేయాలని ఉంది. ఒకే రోజు, రెండు పనులూ.

ఇదంతా పాత నిబంధన కదా అంటారేమో, లూకా 19లో జక్కయ్యను చూడండి. సుంకం వసూలులో ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. తనంతట తానే ఒప్పుకున్నవాడికి ధర్మశాస్త్రం అడిగేది ఐదో వంతు అదనం మాత్రమే. అతను దొంగకి వేసే లెక్క తనకు తాను వేసుకున్నాడు. ఇక్కడ ఒక్క విషయం మర్చిపోకూడదు, యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు, ఆ తర్వాతే జక్కయ్య డబ్బు మాట ఎత్తాడు. డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కోలేదు. క్షమాపణ దొరికినవాడి చేతిలో ఇతరుల సొమ్ము నిలవలేదు, అంతే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: మిగులుతుంది. దేవుడు అతన్ని క్షమించాడా లేదా అన్నది నేను చెప్పగలిగేది కాదు, ఆ తీర్పు మనది కాదు కూడా. అయితే దేవుడి క్షమాపణ మీకు రావలసినదాన్ని మాఫీ చేసే కాగితం మాత్రం కాదు.

కృపలో ఒకడు

నేను కొంచెం వేరేగా చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. సిలువ మీద ఉన్న దొంగ ఎవరికి ఏం తిరిగి ఇచ్చాడు? ఒక్క రూకైనా ఇవ్వలేదు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని యేసు అతనితో అన్నాడు. మన పాపములను మనము ఒప్పుకొనినయెడల ఆయన క్షమించును అని యోహాను రాశాడు గానీ, ఒప్పుకుని, డబ్బు కట్టి, రసీదు చూపిస్తే అని రాయలేదు. క్షమాపణకు మనం షరతులు కలపడం మొదలుపెడితే కృపకు అర్థమే ఉండదు.

మీరు అడగాల్సిన ప్రశ్న అతని గురించి కాదు, మీ గురించి అనుకుంటున్నాను. మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. దేవుడు మనకు వదిలేసిన దానితో పోలిస్తే మనుషులు మనకు బాకీ ఉన్నది ఎంత? వదిలేయండి బ్రదర్. మీ ప్రార్థన మీకు తిరిగి వస్తుంది.

ఇద్దరు పిల్లల తల్లి

పైన ఆ బ్రదర్ మంచి మనసుతోనే రాశారని తెలుసు, కానీ ఈ మాట వల్ల నలిగిపోయినవాళ్లను దగ్గర నుంచి చూశాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఆ ఉపమానమే మళ్లీ చదవండి. దేనారం అంటే ఒక కూలివాడి ఒక రోజు జీతం, మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్లకు ఇచ్చింది అదే. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా చెమటోడ్చిన సంపాదన. అది చిన్న మొత్తం అని యేసు ఎక్కడా అనలేదు. తలాంతుల ముందు అది చిన్నది, నిజమే, కానీ పోగొట్టుకున్న మనిషి ఇంట్లో అది చిన్నది కాదు. ఇంకో సంగతి, ఆ ఉపమానంలో అప్పున్నవాడు కాళ్ల మీద పడ్డాడు, ఓర్చుకోమన్నాడు, తీర్చేస్తానన్నాడు. అతను బాకీని ఒప్పుకున్నాడు! ఇక్కడ ఈ సోదరుడికి అన్యాయం చేసినవాడు అసలు బాకీయే లేదంటున్నాడు, పైగా దొంగతనం ఇతని మీదే మోపి దాన్ని ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

సిలువ మీద దొంగ సంగతి అన్నారు. అతని చేతులు మేకులతో కొట్టేసి ఉన్నాయి. ఆ స్థితిలో కూడా అతను చేయగలిగింది చేశాడు, మనకు రావలసిన శిక్షే మనకు వచ్చింది అని అందరి ముందు ఒప్పుకున్నాడు. సాకు చెప్పలేదు, తప్పు ఇంకొకరి మీదికి నెట్టలేదు. చేతులు ఖాళీగా ఉండి, ఫోన్ నంబర్ తెలిసి ఉండి, అదే హాల్లో మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా లేచి వెళ్లనివాడికి ఆ దొంగ పోలిక సరిపోదు.

నాకు అన్నిటికంటే భయం వేసేది వేరే. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు, చిన్నప్పుడు ఎవరో పెద్దమనిషి చేతిలో పాడైపోయిన పిల్లలకు ఇదే మాట చెప్తారు: "అతను దేవుడి దగ్గర ఒప్పుకున్నాడు, నువ్వూ క్షమించి ఇంటికి వెళ్లు." అలా వెళ్లినవాళ్లకు మళ్లీ అదే జరుగుతుంది. క్షమించడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. క్షమించినవాళ్లు కూడా పోలీసు కంప్లైంట్ ఇవ్వొచ్చు, వేరే ఇంట్లో ఉండొచ్చు, ఎదురుపడకుండా ఉండొచ్చు. కడుపులో పగ పెట్టుకుని రగిలిపోకు, తీర్పు నాకు వదిలేయి అని దేవుడు అన్నాడు, రోమా 12లో ఉంది. జరిగినదాన్ని జరగలేదని చెప్పమని ఎక్కడా అనలేదు.

కథోలిక సోదరుడు

నేను కథోలిక సంఘం నుంచి. మాలో పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఉంటుంది కాబట్టి, "ఫాదర్‌కి చెప్పేసుకుంటే అయిపోతుంది కదా, మీకు తేలిక" అని చాలామంది అంటారు. అలా అనుకునే కథోలికులు కూడా ఉన్నారు, కానీ మా సంఘం నేర్పేది అది కాదు. పాపం గురించి నిజమైన దుఃఖం ఉండాలి, దాన్ని నోటితో ఒప్పుకోవాలి, ఆ తర్వాత జరిగిన నష్టాన్ని సరిచేయాలి. 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథంలో, అంటే మా సంఘ బోధల పుస్తకంలో, ఇది స్పష్టంగా ఉంది. ఫాదర్ ద్వారా దొరికే పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది గానీ ఆ పాపం చేసిన చెరుపునంతా సరిచేయదు, కాబట్టి దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వాలి, ఎవరి పేరు పాడుచేశామో వాళ్ల పేరు నిలబెట్టాలి అని చెప్తుంది. సొమ్ము, పేరు, రెండూ. మీ ప్రశ్న చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

తొలి శతాబ్దాల నాటి బిషప్ అగస్టీన్ ఒక ఉత్తరంలో ఇంకా గట్టిగా రాశాడు. తిరిగి ఇవ్వగలిగి ఉండి కూడా ఇవ్వనివాడు పశ్చాత్తాపం నటిస్తున్నాడు అంటాడు. ఇవ్వలేని స్థితిలో ఉంటే అది వేరే సంగతి అని కూడా అక్కడే ఉంది.

మీ ప్రొటెస్టెంట్ సోదరుల్లో ఇది లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 1646లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో రాసిన విశ్వాస ప్రకటనలో మారుమనస్సు గురించిన అధ్యాయం చివర్లో, దేవుడికి ఏకాంతంగా ఒప్పుకోవడంతో పాటు, సహోదరుడికి అభ్యంతరం కలిగించినవాడు ఆ నొచ్చుకున్నవాళ్ల ముందు కూడా ఒప్పుకోవడానికి సిద్ధపడాలని ఉంది. నొచ్చుకున్నవాళ్లు అప్పుడు అతనితో సమాధానపడి ప్రేమతో చేర్చుకోవాలని కూడా ఉంది. అంటే ఈ విషయంలో మనమంతా ఒకే మాట మీద ఉన్నాం.

ఎదురుచూపు

అందరికీ థ్యాంక్స్. నిజంగా. చెప్పాలంటే డబ్బు మీద నాకు ఆశ ఎప్పుడో పోయింది, "ఇతని మీద నేను చెప్పింది అబద్ధం" అని అతను ఒక్క మాట వాళ్లందరితో అంటే చాలు.

కృపలో ఒకడు బ్రదర్, మీ మాట కూడా నేను తీసిపారేయడం లేదు. అతనికి ఏదైనా నష్టం జరిగిందని వింటే నాకు లోపల సంతోషంగా ఉంటోంది, అది నాకే నచ్చడం లేదు. కానీ అతను రాకముందే నేను క్షమించాలా అన్నది ఇంకా అర్థం కావడం లేదు. లూకా 17లో "అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము" అని ఉంది. మార్కు 11లో ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీద ఏమున్నా క్షమించు అని ఉంది. ఏది పట్టుకోవాలి?

సంఘ పెద్ద

అయ్యా, చాలా ఏళ్లుగా సంఘంలో ఇలాంటి తగాదాల మధ్య కూర్చుంటున్నాను. నాకు అర్థమైనంత చెప్తాను.

ఆ రెండు వచనాలూ మీకు కావాలి. మార్కులో ఉన్నది మీకూ దేవుడికీ మధ్య జరిగేది. మీరు నిలబడి ప్రార్థిస్తున్నారు, అతను అక్కడ లేడు. పగ తీర్చుకునే హక్కును దేవుడి చేతిలో పెట్టేస్తారు, అతని నాశనం కోరుకోవడం మానేస్తారు. దీనికి అతను రావలసిన పని లేదు. సిలువ మీద యేసు, రాళ్లు తగులుతుండగా స్తెఫను, ఇద్దరూ అలాగే చేశారు. చంపేవాళ్లు అడిగేదాకా ఆగలేదు. లూకా 17లో ఉన్నది మీ ఇద్దరి మధ్య జరిగేది. అక్కడ క్షమించుము కంటే ముందు ఇంకో మాట ఉంది, మీరు దాన్ని వదిలేశారు: "నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము." గద్దించడం, అతను మారడం, మీరు క్షమించడం, మళ్లీ కలవడం. ఇది మీరొక్కరే ఇంట్లో కూర్చుని పూర్తి చేయగలిగేది కాదు. అది పూర్తికాలేదని మీరు నేరస్థుడిలా బాధపడాల్సిన అవసరం లేదు.

యోసేపు సంగతి ఈ కోణంలో ఒకసారి చదవండి. తనను అమ్మేసిన అన్నలు ఐగుప్తుకు వచ్చిన మొదటిసారే అతను నేనే యోసేపునని చెప్పేయలేదు. చాటుకు వెళ్లి ఏడ్చాడు, అంటే మనసు అప్పటికే మెత్తబడింది, కానీ తొందరపడలేదు. బెన్యామీను సంచిలో గిన్నె పెట్టించి, తమ్ముణ్ని మళ్లీ వదిలేసి పోతారా అని చూశాడు. అప్పుడు యూదా ముందుకు వచ్చి, ఈ చిన్నవాడికి బదులు నేను దాసుడిగా ఉంటానన్నాడు. యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చింది ఆ యూదానే! ఆ మాట విన్నాకే యోసేపు ఇక తనను తాను ఆపుకోలేకపోయాడు. కన్నీళ్లు చూసి కాదు, మనిషి మారడం చూసి.

ఇక అతను ఎందుకు రాలేదు అన్నది. నేను చూసినంతలో చాలామంది మీదికి అహంకారంలా కనిపించినా లోపల ఉండేది భయం. వందమంది ముందు మైకు పట్టుకుని "నేను పాపిని" అనడం తేలిక, ఎందుకంటే అక్కడ ఎవరూ తిరిగి ప్రశ్న వేయరు, పైగా మెచ్చుకుంటారు. ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని "నీ డబ్బు నేనే తీశాను, నింద నీ మీద వేశాను" అనడం చాలా కష్టం, అవతలివాడు ఏమంటాడో తెలియదు, డబ్బు అడుగుతాడు, కేసు పెట్టొచ్చు, భార్యాపిల్లలకు తెలిసిపోతుంది. నేను అతన్ని వెనకేసుకు రావడం లేదు. తప్పిపోయిన కుమారుడు ఇంటికి బయల్దేరేటప్పుడు అనుకున్న మాట ఏమిటి? "పరలోకమునకు విరోధముగాను నీ యెదుటను పాపము చేసితిని." అందులో మొదటి సగం మాత్రమే మీ భాగస్వామి చెప్పాడు. రెండో సగం చెప్పించడం సంఘంలో పెద్దలుగా మా పని కూడా, సాక్ష్యం చెప్పనిచ్చే ముందు "ఆ మనిషిని కలిశావా?" అని అడిగి ఉండాల్సింది. అడగకపోవడం సంఘం చేసిన తప్పు.

లేఖన విద్యార్థి

పెద్దాయన మాటకు ఒక్కటి కలుపుతాను. పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రిక ఒక్క పేజీ ఉంటుంది. యజమాని ఫిలేమోనును వదిలి వచ్చేసిన ఒనేసిము అనే దాసుడు పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు నువ్వు క్రీస్తులో నూతన సృష్టివి, పాతవి మర్చిపో, ఇక్కడే నాతో సేవ చెయ్యి అని పౌలు అనొచ్చు, పైగా అతను పౌలుకు కావలసినవాడు కూడా. అయినా వెనక్కి పంపాడు. అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తాను అని తన చేత్తో రాసి పంపాడు. బాకీ లేదనలేదు, మధ్యలో నిలబడ్డాడు. మీకు కూడా అలా మధ్యలో నిలబడే మనిషి ఒకరు కావాలి.

కృపలో ఒకడు

సిస్టర్ రాసింది చదివాక, నూరు దేనారాల గురించి నేను అలా ఆలోచించలేదు. కృప షరతు లేనిదే అని ఇప్పటికీ నమ్ముతాను, కానీ అది అతనికి చెప్పాల్సిన మాట, మీకు చెప్పాల్సింది కాదు. మీకోసం ప్రార్థిస్తాను బ్రదర్, అతని కోసం కూడా.

ఎదురుచూపు

మరి నేనే వెళ్లాలా? తప్పు చేసింది అతనైతే నేను వెళ్లడం ఏంటి అని ఒక పక్క అనిపిస్తోంది. వెళ్లాక మొత్తం కాదంటే?

సంఘ పెద్ద

మత్తయి 5లో తప్పు చేసినవాణ్ని వెళ్లమన్నాడు, బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి మరీ. మత్తయి 18లో నష్టపోయినవాణ్ని కూడా వెళ్లమన్నాడు. ఇద్దరూ బయల్దేరితే దారిలోనే కలుసుకోవాలి. అతను బయల్దేరలేదు కాబట్టి మీరు వెళ్లండి, ఇది డబ్బు తగాదా, మీ ప్రాణానికి ప్రమాదం ఏమీ లేదు కనుక చెప్తున్నాను. ఆ సిస్టర్ చెప్పినలాంటి పరిస్థితుల్లో అయితే ఒంటరిగా వెళ్లమని ఎవరికీ చెప్పను.

మొదటిసారి ఒక్కరే వెళ్లండి. సాక్ష్యం గురించి ఎత్తిపొడవొద్దు, అది మొదలుపెడితే అతను తన భక్తిని కాపాడుకోవడంలో పడిపోతాడు. ఏం జరిగిందో, మీకేం పోయిందో, మీకేం కావాలో చెప్పండి. మీరు అడిగేది అబద్ధం వెనక్కి తీసుకోమని, ఎవరెవరికి చెప్పాడో వాళ్లకే. ఆ పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి, లేకపోతే మాటల్లో పోతుంది. డబ్బు వదిలేస్తానని ముందే అనకండి, అది తర్వాత, అతను ఒప్పుకున్నాక, మీరు ఇష్టంగా తీసుకోవాల్సిన నిర్ణయం. కాదంటే గొడవ పడకుండా లేచి వచ్చేయండి. రెండోసారి ఒకరిద్దర్ని తీసుకెళ్లమని అక్కడే ఉంది, ఆ వచ్చేవాళ్లలో ఒకరు అతను గౌరవించే మనిషి అయ్యుండాలి. అప్పటికీ కాదంటే సంఘ పెద్దల ముందుకు.

ఏ రోజు వెళ్తున్నారో ఇక్కడ రాయండి. ఆ గంటలో మేం కొందరం ప్రార్థనలో ఉంటాం.